తుక్కులోని విద్యుజ్జనకం

కారు నడుస్తున్నంతసేపు దానికి కావలసిన విద్యుత్తును ఉత్పత్తి చేస్తూ, బ్యాటరీ ఖర్చుపెట్టిన శక్తిని తిరిగి దానికి సమకూర్చే యంత్రభాగం ఆల్టర్నేటరు. ఇంజను పక్కన బెల్టుతో తిరుగుతూ, చిన్న చెంబంత పరిమాణంలో, అల్యూమినియం కవచంతో ఇది కనిపిస్తుంది. మెకానిక్కులు చాలామంది దీనిని ఇప్పటికీ 'డైనమో' అనే పిలుస్తారు. కార్లలో డైనమోల కాలం ముగిసి దశాబ్దాలు గడిచినా పేరు మాత్రం నిలిచిపోయింది. భాషలో ఇది వింత కాదు. నువ్వుల నుంచి తీసినదానికి ఏర్పడిన 'నూనె' అనే మాట ఈనాడు పల్లీల నుంచి తీసినదానికీ, కొబ్బరి నుంచి తీసినదానికీ చెల్లుతున్నది. దీనినే భాషాశాస్త్రవేత్తలు అర్థవ్యాకోచం అంటారు. వంటింట్లో ఈ వ్యాకోచం వల్ల నష్టం లేదు. తుక్కు దుకాణం ముందు నిలబడి పాత కారుకు తగిన విద్యుజ్జనకాన్ని వెదికేవారికి మాత్రం పేర్ల కలగలుపు పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

డైనమో, ఆల్టర్నేటరు రెండింటికీ మూలం ఒక్కటే. అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడు సమీపంలోని తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. డైనమోలో అయస్కాంతం నిలకడగా ఉండి తీగచుట్ట తిరుగుతుంది. అందులో పుట్టిన విద్యుత్తు అంతా కార్బన్ బ్రష్‌ల గుండానే బయటికి రావాలి. అందుచేత ఎక్కువ ప్రవాహాన్ని అది భరించలేదు, ఎక్కువ వేగాన్నీ తట్టుకోలేదు. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటరులో ఈ ఏర్పాటు తలకిందులైంది. ఇక్కడ తిరిగేది అయస్కాంతం, కదలకుండా ఉండేది విద్యుత్తు పుట్టే తీగచుట్ట. అయస్కాంతానికి శక్తినిచ్చే కొద్దిపాటి ప్రవాహం మాత్రమే బ్రష్‌ల గుండా పోతుంది. అయితే దీనిలో పుట్టేది క్షణక్షణం దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్తు. బ్యాటరీకి కావలసినది ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పిడిని చిన్న స్థలంలో చేయగల సిలికాన్ డయోడ్లు చవకగా దొరికేదాకా ఆల్టర్నేటరు సాధారణ కార్లలోకి రాలేదు. 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారులో దీనిని అమర్చిన తరువాత మిగిలిన సంస్థలు క్రమంగా ఆ దారి పట్టాయి. భారతదేశంలో 1950ల చివర రోడ్డెక్కి 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ ఈ రెండు యుగాలనూ చూసిన కారు. డైనమోతో పుట్టిన పాత అంబాసిడర్లకు ఆల్టర్నేటరు బిగించుకోవడం మెకానిక్కులకు చిరపరిచితమైన పని.

పూర్వపు వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబరు 11న మూడు వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. భూపాలపల్లికి సమీపాన చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. సింగరేణి బొగ్గును మండించి పుట్టించిన ఆవిరితో అక్కడ 500, 600 మెగావాట్ల రెండు జనరేటర్లు తిరుగుతాయి. ఆ మహాయంత్రం, కారు బానెట్టు కింద ఉండే చిన్న యంత్రం ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ అయస్కాంతం తిరుగుతుంది, చుట్టూ ఉన్న మూడు జతల తీగచుట్టల్లో త్రిదశ విద్యుత్తు పుడుతుంది. విద్యుత్ కేంద్రంలో జనరేటరు నిమిషానికి సరిగ్గా 3000 చుట్లే తిరగాలి. అప్పుడే సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు వస్తుంది. కారులోని ఆల్టర్నేటరుకు ఆ కట్టుబాటు లేదు. డ్రైవరు కాలి కింద ఇంజను వేగం ఎంత మారితే దాని వేగమూ అంత మారుతుంది. 12 ధ్రువాలున్న ఆల్టర్నేటరు నిమిషానికి 6000 చుట్లు తిరిగితే ఆవృత్తి 600కు చేరుతుంది. డయోడ్లు ఆ విద్యుత్తును ఏకముఖం చేస్తాయి కనుక ఆవృత్తి ఎంతైనా ఇబ్బంది లేదు. వేగంతో పాటు పెరగబోయే వోల్టేజిని అదుపులో ఉంచేది రెగ్యులేటరు. అది అయస్కాంతానికి వెళ్లే ప్రవాహాన్ని తగ్గిస్తూ, పెంచుతూ వోల్టేజిని సుమారు 14 వోల్టుల దగ్గర నిలుపుతుంది.

పాత డైనమో ఎందుకు చాలదో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. అంబాసిడర్ కాలపు లూకాస్ డైనమో గరిష్ఠంగా 22 ఆంపియర్లు ఇచ్చేది. ఆ కారుకు యజమాని ఏసీ బిగించుకున్నాడనుకుందాం. హెడ్‌లైట్లు రెండింటికి 110 వాట్లు, వెనుక దీపాలు మొదలైనవాటికి 30, ఇగ్నిషనుకు 50, వైపరుకు 50, ఏసీ గాలిపంకాకు 150, ముందుభాగంలోని మరో పంకాకు 120, కంప్రెసరు క్లచ్చికి 45. మొత్తం 555 వాట్లు. దీనిని 13.5 వోల్టులతో భాగిస్తే 41 ఆంపియర్లు. డైనమో తన శక్తినంతా ధారపోసినా మిగిలిన 19 ఆంపియర్లు బ్యాటరీ నుంచే రావాలి. 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఈ లెక్కన రెండు గంటలకు వట్టిపోతుంది. వానరాత్రి జనగామ నుంచి హైదరాబాదుకు బయలుదేరిన కారు గమ్యం చేరే వేళకు దీపాలు మసకబారుతాయి. మధ్యలో ఇంజను ఆగిందా, తిరిగి స్టార్టు కాదు. చీకట్లో దీపాలు లేకుండా జాతీయ రహదారి పక్కన నిలిచిపోయిన కారు ఎంత ప్రమాదకరమో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 41కి బ్యాటరీ నింపడానికి మరో 10 కలిపి, పైన నాలుగోవంతు వెసులుబాటు ఉంచుకుంటే 60 నుంచి 65 ఆంపియర్ల ఆల్టర్నేటరు కావాలి. కొత్తది కొనే స్తోమత లేనివారు, పాత నమూనాలకు కొత్త భాగాలు దొరకనివారు తుక్కులోకి పోయిన వాహనాల నుంచి విప్పిన ఆల్టర్నేటర్ల వైపు చూస్తారు.

ఎలా గుర్తుపట్టాలి అనే ప్రశ్నకు భారతీయ తర్కశాస్త్రం ఒక మంచి పనిముట్టును ఇచ్చింది. ఒక వస్తువుకు చెప్పిన లక్షణంలో మూడు దోషాలు ఉండవచ్చునని తార్కికులు అన్నారు. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా ఆవే అవుతుంది. ఇది అతివ్యాప్తి. కపిలవర్ణం గలది ఆవు అంటే తెల్ల ఆవు ఆవు కాకుండా పోతుంది. ఇది అవ్యాప్తి. ఒంటిగిట్ట ఉన్నది ఆవు అంటే ఏ ఆవుకూ వర్తించదు. ఇది అసంభవం. ముందు పుల్లీ, వెనుక తీగలు ఉన్నది ఆల్టర్నేటరు అనుకుంటే డైనమో, ఏసీ కంప్రెసరు కూడా అందులో చేరిపోతాయి. లూకాస్ టీవీఎస్ పేరున్నదే పనికి వస్తుందనుకుంటే ఇతర సంస్థలు చేసిన మంచివి ఎన్నో వదులుకోవలసి వస్తుంది. ఆకారం, పేరు, బరువు వీటిలో ఏదీ ఒంటరిగా లక్షణం కాజాలదు. తుక్కు వ్యాపారి చెప్పే "అన్ని బండ్లకూ పడుతుంది" అనే మాట శుద్ధ అతివ్యాప్తి.

మొట్టమొదట చూడవలసినది వోల్టేజి. భూపాలపల్లి ప్రాంతంలో బొగ్గు మోసే టిప్పర్లు, లారీలు ఎక్కువ కనుక అక్కడి తుక్కులో పెద్ద వాహనాల ఆల్టర్నేటర్లు ఎదురయ్యే అవకాశమూ ఎక్కువ. అవి చూడడానికి దిట్టంగా, ఆకర్షణీయంగా ఉంటాయి. కాని భారీ వాహనాల్లో సాధారణంగా రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టుల వ్యవస్థను నడుపుతారు. వాటి ఆల్టర్నేటరు 28 వోల్టుల దగ్గర నిలిచేటట్లు అమరి ఉంటుంది. దానిని 12 వోల్టుల కారుకు బిగిస్తే దీపాలు మాడిపోతాయి, బ్యాటరీలోని నీరు మరిగినట్లు పొంగి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, ఒక్క నిప్పురవ్వతో అది పేలవచ్చు. కవచం మీద అతికించిన లేదా చెక్కిన పలకపై 14 వోల్టులు లేదా 12 వోల్టులు అని ఉంటే కారుకు పనికి వస్తుంది. 28 లేదా 24 అని ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు. పలక ఊడిపోయిన దానిని పరీక్షాయంత్రం మీద తిప్పి చూపమని అడగాలి.

మహబూబాబాద్ చుట్టుపక్కల పరిస్థితి వేరు. అది వరి, మిరప పండించే సీమ. అక్కడ ట్రాక్టర్లే ఎక్కువ. ట్రాక్టరు ఆల్టర్నేటరు కారుకు సరిపడే 12 వోల్టులదే, గట్టిదే. అయినా ట్రాక్టరుకు రెండు దీపాలు, ఒక హారను తప్ప పెద్ద బరువు ఉండదు కనుక దాని ఆంపియర్లు తక్కువగా ఉంటాయి. ఏసీ లేని జీపుకు చాలవచ్చు, ఏసీ ఉన్న కారుకు చాలదు. దాని వెనుక డబ్ల్యు అనే అక్షరంతో ఒక అదనపు కొన కొన్నిటిలో కనిపిస్తుంది. ఇంజను చుట్ల సంఖ్య చూపే మీటరుకు అది సంకేతాన్ని పంపుతుంది. కారులో దానిని ఖాళీగా వదిలివేయవచ్చు. ఈ పట్టణం కాజీపేట-విజయవాడ రైలుమార్గంలో ఉంది. ఆ దారిన నడిచిన పాత తరహా బోగీల కింద కూడా చక్రాల ఇరుసుతో బెల్టు ద్వారా తిరిగే ఆల్టర్నేటర్లు ఉండేవి. అవి 110 వోల్టుల వ్యవస్థకు చెందినవి కనుక కారు ప్రసక్తిలో వాటి ఊసు అక్కరలేదు.

హైదరాబాదు-వరంగల్ రహదారి మీద ఉన్న జనగామ దారిలో కార్ల రాకపోకలు ఎక్కువ. కారు నుంచి విప్పినదే కారుకు నప్పుతుందనుకోవడం సహజం. అయినా ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. డీజిల్ వాహనాల ఆల్టర్నేటర్లు కొన్నిటికి వెనుక భాగంలో ఒక చిన్న పంపు అతికి ఉంటుంది. డీజిల్ ఇంజనులో బ్రేకుకు సాయపడే శూన్యపీడనం దానంతట అది లభించదు కాబట్టి ఈ పంపు దానిని కల్పిస్తుంది. పంపుకు ఇంజను ఆయిలు సన్నని గొట్టం ద్వారా నిరంతరం అందాలి. పెట్రోలు కారుకు ఈ పంపుతో పని లేదు, ఆయిలు అందకపోతే పంపు ఎండి బిగుసుకుపోతుంది. ఇంతకంటె భయంకరమైనది దీనికి విరుద్ధమైన పొరపాటు. పంపున్న ఆల్టర్నేటరుతో నడిచే డీజిల్ వాహనానికి పంపులేనిది బిగిస్తే దీపాలు చక్కగా వెలుగుతాయి, బ్యాటరీ నిండుతుంది, కాని బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. విద్యుత్తు కోసం చేసిన మార్పు బ్రేకును దెబ్బతీస్తుందని చాలామందికి తోచదు.

రెండవ ఉచ్చు కొత్త కార్లది. ఇటీవలి కార్లు కొన్నిటిలో ఆల్టర్నేటరు ఎంత వోల్టేజి ఇవ్వాలో ఇంజను కంప్యూటరు నిర్ణయించి ఆదేశం పంపుతుంది. అటువంటిదానిని పాత కారుకు తగిలిస్తే ఆదేశమిచ్చేవారు లేక అది సరిగా పనిచేయదు. పాత కారు కోసం వెదికేవారు రెగ్యులేటరు లోపలే ఉండి, స్వతంత్రంగా పనిచేసే తరహాను ఎంచుకోవడం క్షేమం. వెనుక బి ప్లస్ అనే లావు బోల్టు, డి ప్లస్ లేదా ఎల్ అనే చిన్న కొన ఉండడం దానికి ఒక గుర్తు. లావు బోల్టు బ్యాటరీకి, చిన్న కొన డ్యాష్‌బోర్డులోని ఎర్రదీపానికి. ఈ ఎర్రదీపాన్ని అలంకారమనుకుని తొలగించేవారున్నారు. చాలా నమూనాల్లో అయస్కాంతాన్ని మేల్కొలిపే తొలి ప్రవాహం ఆ దీపం గుండానే వెళ్తుంది. బల్బు మాడితే ఆల్టర్నేటరు నిద్ర లేవదు.

పలక మీద కొన్నిటిలో రెండు అంకెలు గీతతో విడిపోయి కనిపిస్తాయి, 35/65 వంటివి. మొదటిది తక్కువ వేగంలో ఇచ్చే ఆంపియర్లు, రెండవది నిమిషానికి 6000 చుట్ల దగ్గర ఇచ్చేవి. పెద్ద అంకెనే చూసి మురిసిపోతే ఊరిలో, రద్దీలో, గేటు దగ్గర నిలిచినప్పుడు నిరాశ తప్పదు. ఈ తక్కువ వేగాన్ని నిర్ణయించేది పుల్లీల నిష్పత్తి. ఇంజను పుల్లీ వ్యాసం 140 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటరు పుల్లీ 70 మిల్లీమీటర్లు అయితే ఇంజను ఒక చుట్టు తిరిగే లోపల ఆల్టర్నేటరు రెండు చుట్లు తిరుగుతుంది. ఇంజను 700 చుట్ల మీద నెమ్మదిగా ఉన్నప్పుడు అది 1400 మీద ఉంటుంది. డైనమో ఎక్కువ వేగాన్ని తట్టుకోలేదు కనుక దానికి పెద్ద పుల్లీ పెట్టేవారు. ఆ పుల్లీనే విప్పి ఆల్టర్నేటరుకు తొడిగితే మంచి యంత్రం కూడా మందకొడిగా కనిపిస్తుంది. పుల్లీ గాడి ఆకారమూ కలవాలి. పాత కార్లది వి ఆకారపు ఒంటి బెల్టు, కొత్తవాటిది పొడవునా సన్నని గాడులున్న వెడల్పాటి బెల్టు.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. 65 ఆంపియర్ల ఆల్టర్నేటరు కారులోకి ఎల్లవేళలా 65 ఆంపియర్లను నెట్టదు. చెరువు ఎంత పెద్దదైనా తూము తెరిచినంత మేరకే నీరు పారుతుంది. దీపాలు, పంకాలు అడిగినంతే అది ఇస్తుంది. పూర్తిగా ఇస్తున్నప్పుడు మాత్రం ఇంజను నుంచి రెండు అశ్వశక్తులకు పైగా తీసుకుంటుంది. అవసరానికి మించి మరీ పెద్దది ఎంచుకుంటే ఒంటి బెల్టు జారి కీచుమంటుంది.

ఇక ఆరోగ్య పరీక్ష. పుల్లీని చేతితో తిప్పితే నిశ్శబ్దంగా, నున్నగా తిరగాలి. గరగర శబ్దం వస్తే బేరింగు పోయినట్లు. బేరింగులు, బ్రష్‌లు మార్చుకోదగినవే. మల్టీమీటరు కొనలను రెండు రాగి వలయాల మీద ఉంచితే సాధారణంగా 2 నుంచి 5 ఓముల నిరోధం చూపాలి. అసలు చూపకపోతే లోపలి తీగ తెగినట్లు. వలయానికీ ఇరుసుకూ మధ్య ఏ సంబంధమూ చూపకూడదు. చూపితే తీగ పూత కాలి లోహానికి అంటుకున్నట్లు. డయోడు ఒక దిశలో మాత్రమే ప్రవాహాన్ని వదలాలి. కాలిన తీగ వాసన ముక్కుకు తగిలితే మీటరు తీయనవసరమే లేదు.

వరదలో మునిగిన వాహనాల భాగాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో కురిసిన వానలకు కేసముద్రం సమీపాన రైలు కట్టే కొట్టుకుపోయింది. అటువంటి నీటిలో నానిన ఆల్టర్నేటరు పైకి కడిగి తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. లోపలి తీగల సందుల్లో ఒండ్రుమట్టి, డయోడ్ల పలక మీద పచ్చని చిలుము, బేరింగు అంచున ఎర్రని తుప్పు దాని కథ చెబుతాయి. కొన్నాళ్లు పనిచేసి, దూరప్రయాణంలో మొరాయించేవి ఇవే.

బేరం సాధారణంగా బరువు మీద కాని, రకం మీద కాని సాగుతుంది. చెడిపోయినదానికీ రాగి, అల్యూమినియం విలువ ఉంటుంది కనుక వ్యాపారికి నష్టం లేదు. జనగామ జిల్లాలోని పెంబర్తి లోహశిల్పుల చేతిలో రాగి, ఇత్తడి కళారూపాలవుతాయి. ఆల్టర్నేటరులోని రాగి మాత్రం చుట్టిన క్రమంలో ఉన్నంతవరకే ఆల్టర్నేటరు. క్రమం చెడితే మిగిలేది తూకపు రాగే. పనిచేయకపోతే తిరిగి తీసుకుంటామనే మాటను రసీదు మీద రాయించుకోవాలి. ఏ వాహనం నుంచి విప్పినదో చెప్పలేని వ్యాపారి దగ్గర కొనకపోవడం మేలు. దొంగిలించిన వాహనాల భాగాలూ తుక్కు దారిలోనే చలామణి అవుతాయి. కాలం చెల్లిన వాహనాలను నమోదైన కేంద్రాల్లోనే విడగొట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలను ప్రకటించింది.

బిగించే పనిలో మొదటి మెట్టు బ్యాటరీ తీగ విప్పడం. పాత బ్రిటిష్ తరహా కార్లు కొన్నిటిలో బ్యాటరీ ధనధ్రువాన్ని కారు శరీరానికి కలిపేవారు. ఆ ఏర్పాటును మార్చకుండా ఆల్టర్నేటరు తగిలిస్తే డయోడ్లు ఆ క్షణమే కాలిపోతాయి. డైనమోతో వచ్చిన రెగ్యులేటరు పెట్టెను వ్యవస్థ నుంచి తొలగించాలి. అసలు ప్రమాదం తీగల్లో ఉంది. 22 ఆంపియర్ల కోసం వేసిన సన్నని తీగ, డ్యాష్‌బోర్డులోని పాత ఆంపియర్ మీటరు 60 ఆంపియర్లను మోయలేవు. వట్టిపోయిన బ్యాటరీని ఆల్టర్నేటరు నింపడం మొదలుపెట్టగానే ఆ తీగ వేడెక్కి, పూత కరిగి, అగ్నిప్రమాదం జరగవచ్చు. బి ప్లస్ నుంచి బ్యాటరీకి లావు తీగను, మధ్యలో తగిన ఫ్యూజును వేయించడానికి అయ్యే ఖర్చును ఆల్టర్నేటరు ధరలో భాగంగానే లెక్కించుకోవాలి. ఇది మిగుల్చుకోదగిన డబ్బు కాదు.

పని పూర్తయ్యాక ఇంజను ఆపి బ్యాటరీ కొనల మధ్య కొలిస్తే, నిండిన బ్యాటరీ 12.6 వోల్టుల ప్రాంతంలో చూపుతుంది. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్లు, వెంటనే ఇంజను ఆపాలి. దీపాలు, వైపరు, ఏసీ అన్నీ వేసి నెమ్మది వేగంలో మళ్లీ కొలిచినప్పుడు 13కు దిగువకు జారకపోతే ఎంపిక కుదిరినట్లే. ఆల్టర్నేటరు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పాత అలవాటు కొందరికి ఉంది. డైనమో కాలంలో చెల్లిన ఆ పరీక్ష ఇప్పుడు డయోడ్లను, రెగ్యులేటరును ఒక్క క్షణంలో బలి తీసుకుంటుంది. తొలి వంద కిలోమీటర్లు నడిచాక లావు తీగ బిగించిన నట్టు వదులైందేమో, బెల్టు సాగిందేమో మరొకసారి చూసుకోవాలి. రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు లోతుకు దిగితే బిగువు సరిపోయినట్లు.